అన్నవాహిక కండరం కోయించుకున్నాక: నా అనుభవం

నా అన్నవాహిక కండరాన్ని 15 సెంటీమీటర్ల పొడవున కోశారు. పొట్ట మీద గాటు లేదు, ఛాతీ మీద కుట్టు లేదు, పనంతా నోట్లోంచే జరిగింది. ఇంటికొచ్చాక చూడ్డానికొచ్చిన మా ఆడపడుచు "ఏదొదినా, కుట్లు చూపించు" అంది. చూపించడానికేమీ లేవన్నాను. "మరి ఆపరేషనంటావేంటి?" అంటూ మొహం అదోలా పెట్టింది. బిల్లు చూపిస్తే అప్పుడు నమ్మింది.

నేను రాజమండ్రిలో హైస్కూలు లెక్కల టీచర్ని. యాభై దాటాయి. జబ్బు పేరు అన్నవాహిక స్పాజమ్, అంటే ఆ గొట్టం కండరం వేళాపాళా లేకుండా బిగుసుకుపోవడం. ఇంకొంచెం కచ్చితంగా చెప్పాలంటే స్పాజమ్‌తో కూడిన అకలేసియా, టైప్ 3. గుటక వేసినప్పుడు అన్నవాహిక అడుగున ఉండే వాల్వు సరిగ్గా తెరుచుకోకపోవడాన్ని అకలేసియా అంటారు. ఆ "టైప్ 3" అన్న చిన్న ముక్క కాగితం మీదికి రావడానికి ఏళ్ళు పట్టింది. ఆపరేషన్ మాత్రం ఒక్క పూటలో అయిపోయింది.

మొదట్లో అది నొప్పి. రొమ్ము ఎముక వెనకాల ఎవరో పిడికిలి బిగించినట్టు పట్టేసేది, అక్కణ్ణుంచి వీపులోకి, ఒక్కోసారి దవడల్లోకి పాకేది. తింటుండగా వచ్చేది, ఏమీ తినకుండా కూర్చున్నప్పుడూ వచ్చేది. అర్ధరాత్రి నిద్రలోంచి లేపేసిన సందర్భాలూ ఉన్నాయి. చల్లటిది తాగితే మాత్రం రాక మానదు. రాజమండ్రిలో పుట్టి పెరిగి, వేసవిలో గ్లాసెడు రోజ్‌మిల్క్ తాగలేకపోవడం అంటే ఏమిటో బయటూరి వాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

తర్వాత దిగకపోవడం మొదలైంది. ముద్ద నోట్లోంచి గొంతు దాటి వెళ్ళేది, పొలమారేది కాదు, కానీ ఛాతీ మధ్యలో ఎక్కడో నిలబడిపోయేది. లేచి నిలబడి, రెండు భుజాలూ వెనక్కి విరిచి, నీళ్ళు తాగి దాన్ని కిందికి తొయ్యాలి. ఒక్కోసారి ఆ నీళ్ళే దిగేవి కావు, నోటి దాకా తిరిగొచ్చేవి. పెళ్ళి భోజనాలకి వెళ్ళడం మానేశాను. బంతిలో కూర్చుని, పక్కవాళ్ళు చూస్తుండగా సగంలో లేచి పెరట్లోకి పరిగెత్తడం నాకు చేత కాలేదు. నాకు అన్నమూ నీళ్ళూ రెండూ మొదటి నుంచే ఇబ్బంది పెట్టాయి. ఇది గుర్తుపెట్టుకోదగ్గ విషయమని తర్వాత డాక్టరు చెప్పారు. లోపల గడ్డ లాంటిది పెరుగుతుంటే మామూలుగా ముందు గట్టి పదార్థాలు అడ్డం పడతాయి, ద్రవాల వంతు ఆ తర్వాత వస్తుంది. రెండూ ఒకేసారి మొదలైతే గొట్టం కదలికలో లోపమేమోనని చూడాలట. అలాగని ఎవరూ ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. మింగుడు పడకపోతే ఎండోస్కోపీ చేయించుకోవలసిందే.

ఛాతీ నొప్పి కాబట్టి సహజంగానే మొదట గుండె డాక్టరు దగ్గరికే వెళ్ళాం. ఈసీజీ, రక్తంలో ట్రోపోనిన్, ఎకో, ట్రెడ్‌మిల్, చివరికి మణికట్టు దగ్గర్నుంచి యాంజియోగ్రామ్. అన్నీ బాగున్నాయి. ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. నొప్పి వచ్చినప్పుడు నాలిక కింద సార్బిట్రేట్ పెట్టుకుంటే నాకు నిజంగానే తగ్గేది. తగ్గింది కాబట్టి గుండె నొప్పేనని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. ఆ మాత్ర నునుపు కండరాన్ని వదులు చేస్తుంది. గుండె రక్తనాళాల్లో ఉన్నదీ అదే జాతి కండరం, అన్నవాహిక కింది భాగంలో ఉన్నదీ అదే జాతి. రెండు నొప్పులూ ఒకే మాత్రకి లొంగుతాయి. నొప్పి తగ్గినంత మాత్రాన అది ఎక్కడి నొప్పో తేలదు. అయితే గుండె పరీక్షలు ముందు చేయించుకోవడం దండగ అనుకోవద్దు. ఏ డాక్టరూ ఆ మెట్టు దాటి ముందుకు రాడు, రాకూడదు కూడా.

గుండె కాదని తేలాక మిగిలింది గ్యాస్. మన దగ్గర మెడకీ నడుముకీ మధ్య ఏది నొప్పెట్టినా గ్యాసే కదా. పరగడుపున పాంటాప్, వాము నీళ్ళు, సోడా, ఈనో. ఎండోస్కోపీ చేశారు, "లైనింగ్ అంతా నార్మల్" అని రాశారు. అదీ నిజమే. ఎండోస్కోపీలో కనబడేది లోపలి పొర, పుండూ వాపూ గడ్డా. పొర వెనకాల కండరం వేళకి కదులుతోందా లేదా అన్నది అందులో చాలాసార్లు తెలియదు, పైగా అప్పుడు నేను మత్తులో ఉన్నాను. ఎండోస్కోపీ కూడా నార్మల్ అనేసరికి "టెన్షన్ తగ్గించుకోండి మేడమ్, యోగా చెయ్యండి" అన్నారు. టెన్త్ క్లాసు పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, టెన్షన్ లేదని ఎలా అనగలను?

దారి చూపించింది బేరియం పరీక్ష. తెల్లటి సున్నప్పిండి నీళ్ళలాంటి మందు తాగుతుంటే ఎక్స్‌రే తీస్తారు. ఖరీదైన పరీక్ష కాదు, మా ఊళ్ళోనే అయింది. అన్నవాహిక నిటారు గొట్టంలా ఉండాల్సింది పోయి, ఫిల్ములో మెలికలు మెలికలుగా, మధ్యమధ్య నొక్కుకుపోయి కనబడింది. రిపోర్టులో "కార్క్‌స్క్రూ" అని రాశారు. ఆ రేడియాలజిస్టు గారు బయటికొచ్చి "మేడమ్, మానోమెట్రీ ఉన్నచోటికి వెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి" అన్నారు. ఎవరైనా నాకు ఒక పరీక్ష పేరు స్పష్టంగా చెప్పింది అదే మొదలు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళాం. మా చెల్లెలు కూకట్‌పల్లిలో ఉంటుంది, మకాం అక్కడే.

మానోమెట్రీ అంటే అన్నవాహిక లోపల పీడనాన్ని కొలిచే పరీక్ష. దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, మిగతా కథంతా దాని మీదే నిలబడింది.

రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్ళాలి. ముక్కులో మొద్దుబార్చే జెల్లీ రాసి, సన్నటి గొట్టం ముక్కులోంచి కడుపు దాకా దించుతారు. ఆ గొట్టం మీద సెంటీమీటరుకొకటి చొప్పున 36 సెన్సర్లు ఉంటాయి. మత్తు ఇవ్వరు, ఎందుకంటే మనం మెలకువగా ఉండి మింగాలి. గొట్టం గొంతు మలుపు దగ్గరికి వచ్చినప్పుడు వాంతి వచ్చినట్టయి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. టెక్నీషియన్ అమ్మాయి "అమ్మా, గుటకెయ్యండి, గుటకెయ్యండి, అయిపోయింది" అంటూ ఒక్క తోపుతో దించేసింది. ఆ తర్వాత అంత బాధేమీ లేదు. పడుకోబెట్టి, సిరంజితో నోట్లో 5 మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు పోసి పది గుటకలు మింగమన్నారు. ఒక గుటకకీ ఇంకో గుటకకీ మధ్య అరనిమిషం దాకా ఆగాలి. అసలు కష్టం అక్కడుంది. ఆ అరనిమిషంలో నోట్లో లాలాజలం ఊరిపోతుంది, మింగకూడదు. మింగితే ఆ గుటక లెక్కలోకి రాదు, మళ్ళీ మొదలు. తర్వాత కూర్చోబెట్టి ఇంకొన్ని గుటకలు, చివర్లో ఒక గ్లాసు నీళ్ళు గడగడా తాగమన్నారు.

తెర నాకు కనబడేలా తిప్పమని అడిగాను. లెక్కల టీచర్ని, గ్రాఫు చూడకుండా ఉండలేను. అడ్డంగా కాలం, నిలువుగా గొట్టంలో స్థానం, పైన గొంతు, కింద కడుపు. రంగు పీడనాన్ని చెబుతుంది. నీలమంటే తక్కువ, పచ్చ, పసుపు, ఎరుపు మీదుగా ఊదా దాకా వెళ్ళిందంటే బాగా ఎక్కువ. మామూలు మనిషి గుటక వేస్తే రంగు చార పైనుంచి కిందికి ఏటవాలుగా, కుడివైపుకి జారుతూ వస్తుంది, ఎందుకంటే కండరం వరసగా ఒక్కో చోటా బిగుసుకుంటూ ముద్దని కిందికి నెడుతుంది. నా గ్రాఫులో ఆ వాలే లేదు. గుటక వేసిన కాసేపటికే కింది సగమంతా ఒక్కసారిగా ఎర్రగా, నిట్టనిలువుగా లేచి నిలబడింది. కాలం మారకుండా అన్ని స్థానాలూ ఒకేసారి. అంటే ముద్దకి ముందూ వెనకా రెండు వైపులా గొట్టం మూసుకుపోతోంది. అది ఎక్కడికి పోతుంది? ఏళ్ళుగా నేను పడుతున్న బాధ ఆ తెర మీద గీత గీసి కనబడేసరికి, ముక్కులో గొట్టం పెట్టుకునే నవ్వొచ్చింది నాకు.

రెండు అంకెలు నాకు బాగా గుర్తున్నాయి. గుటక మొదలైనప్పట్నుంచి కండరం బిగింపు కింది భాగానికి చేరడానికి 4.5 సెకన్లకి తక్కువ పట్టకూడదు. నాకు 3, 3.5 సెకన్లలో చేరిపోతోంది. అది స్పాజమ్ సంతకం. రెండోది అడుగున కడుపు ముఖద్వారం దగ్గర ఉండే వాల్వు సంగతి. గుటక వేసినప్పుడు అది వదులవ్వాలి. ఎంత వదులైందో చూసే అంకె, నాకు వాడిన గొట్టం కొలమానంలో, 15 దాటకూడదు. నాది 26.

డాక్టరు గారు ఆ రెండో అంకె కింద పెన్నుతో రెండుసార్లు గీత గీశారు. "అమ్మా, వాల్వు బాగానే తెరుచుకుంటూ పైన స్పాజమ్ ఒక్కటే ఉంటే దాన్ని డిస్టల్ ఎసోఫేజియల్ స్పాజమ్ అంటాం. అలాంటి వాళ్ళకి కోత పెట్టడానికి నేను తొందరపడను. ముందు మందులు చూస్తాను, చాలా కాలం చూస్తాను. మీకు వాల్వు కూడా తెరుచుకోవట్లేదు. ఇది టైప్ 3 అకలేసియా. దీంట్లో కోతకి లెక్క కుదురుతుంది." తర్వాత నేను వాడే మందులన్నీ పేరుపేరునా చెప్పమన్నారు. నడుం నొప్పికి అప్పుడప్పుడూ ట్రామడాల్ వేసుకుంటానంటే కలం ఆపేశారు. ఆ జాతి నొప్పి మాత్రలు, అంటే ఓపియాయిడ్లు, వాటంతటవే అన్నవాహికలో అచ్చం ఇలాంటి బిగింపే తెప్పించగలవట. గ్రాఫులో కూడా తేడా కనబడదట. ఆపమన్నారు. కొంతకాలం ఆగి మళ్ళీ ముక్కులో గొట్టం. నా గ్రాఫు మారలేదు. ఆ రెండో పరీక్ష చేయించినందుకు నాకాయన మీద గురి కుదిరింది. తొందరపడే మనిషైతే ఆ వారమే కోసేసి ఉండేవాడు.

ఈలోగా గొట్టంలోంచి చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపారు, అలర్జీ కణాల వల్ల వచ్చే వాపు కాదని తేల్చుకోవడానికి. సీటీ తీశారు, బయట్నుంచి ఏదైనా గడ్డ నొక్కి అకలేసియాలా నటిస్తోందేమోనని. రెండూ మంచిగానే వచ్చాయి.

మందులు అప్పటికే వాడి చూశాను. కండరాన్ని వదులు చేసే డిల్టియజమ్ వేసుకుంటే బీపీ పడిపోయి, బోర్డు ముందు నిలబడితే కళ్ళు తిరిగేవి. సార్బిట్రేట్ రోజూ వేసుకుంటే తలనొప్పి. వాల్వు కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది, దాని బలం కొన్ని నెలలే, పదేపదే పొడిపిస్తే లోపల మచ్చకట్టి రేపు ఆపరేషన్‌కి పొరలు విడదీయడం కష్టమవుతుంది. వయసు మీదపడి ఆపరేషన్ తట్టుకోలేని వాళ్ళకి అది మంచి దారే. బెలూన్ పెట్టి వాల్వుని సాగదీయడం ఇంకోటి, కానీ అది వాల్వు దగ్గరే పని చేస్తుంది, నా గొడవలో సగం దానిపైన ఉంది.

ఇక కోత. ఇది కొత్తదేం కాదు. 1913లో ఎర్న్‌స్ట్ హెల్లర్ అనే జర్మన్ సర్జన్ వాల్వు దగ్గర కండరాన్ని పొడుగ్గా కోశాడు, లోపలి పొర చెక్కుచెదరకుండా. ఇప్పుడు ఆ పనే లాప్రోస్కోపీలో పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి చేస్తున్నారు, పనిలో పనిగా ఆసిడ్ పైకి తన్నకుండా కడుపు పైభాగాన్ని గొట్టం చుట్టూ కొంత మేర చుట్టి కుడతారు. మామూలు అకలేసియాకి అది బంగారం లాంటి ఆపరేషన్. కానీ పొట్టలోంచి పైకి చెయ్యి ఎంత దూరం వెళ్తుంది? అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, చాలా భాగం ఛాతీలో ఉంటుంది. నా బిగింపు వాల్వు దగ్గర్నుంచి ఛాతీ మధ్య దాకా ఉంది. దాన్నంతా బయట్నుంచి అందుకోవాలంటే ఛాతీలోంచి వెళ్ళాలి. నోట్లోంచి ఎండోస్కోపుతో వెళ్తే పొడవు మన ఇష్టం. ఆ పద్ధతి పేరు పోయెమ్. జపాన్‌లో, యొకొహామాలో, డాక్టర్ హరుహిరో ఇనోయె 2008లో మొదటిసారి మనుషులకి చేశారు. హైదరాబాద్‌లో కూడా ఏళ్ళుగా జరుగుతోంది, అక్కడి ఏఐజీ ఆసుపత్రి వాళ్ళు వందల కేసుల ఫలితాలు ప్రచురించారు. ఎంత పొడవు కోయాలన్నది అంచనా మీద ఉండదు. మానోమెట్రీ గ్రాఫులో ఎరుపు ఎక్కడ మొదలైందో అక్కణ్ణుంచి లెక్క.

మా ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. "దీంట్లో నష్టమేంటండీ?" డాక్టరు గారు దాచలేదు. ఆసిడ్ అన్నారు. వాల్వు కోసేశాక కడుపులో ఆసిడ్ పైకి రాకుండా ఆపేదేమీ ఉండదు, లాప్రోస్కోపీలో చుట్టే ఆ చుట్టు ఇందులో ఉండదు. యూరప్‌లో 221 మంది మీద రెండు పద్ధతుల్నీ పోల్చిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చిందట. రెండేళ్ళ తర్వాత ఫలితం రెండింటిలోనూ దాదాపు సమానం, నూటికి ఎనభై మందికి పైగా బాగున్నారు. కానీ మూడు నెలలకి ఎండోస్కోపీ చేస్తే ఆసిడ్ వల్ల పొర దెబ్బతిన్నవాళ్ళు పోయెమ్‌లో నూటికి 57 మంది, లాప్రోస్కోపీలో 20 మంది. రెండేళ్ళకి అది 44, 29 అయింది. "ముద్ద దిగడానికి నేను హామీ ఇచ్చినంత గట్టిగా ఛాతీ నొప్పికి ఇవ్వలేను. తగ్గుతుంది, బాగా తగ్గుతుంది, పూర్తిగా పోతుందని రాసివ్వను" అని కూడా అన్నారు.

వాళ్ళ దగ్గర ఒక మార్కుల పద్ధతి ఉంది, ఎకార్ట్ స్కోరు. మింగుడు పడకపోవడం, వెనక్కి రావడం, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం, ఒక్కోదానికి 3 మార్కులు, మొత్తం 12. ఇందులో తక్కువ వస్తే పాసు, 3 లోపు రావాలి. నాకు 9 వేశారు. నా సర్వీసులో మార్కులు తగ్గించమని బతిమాలిన స్టూడెంటు ఒక్కడూ లేడు.

ఆపరేషన్‌కి ముందు ద్రవాహారమే. అన్నవాహికలో తిండి నిలవుండిపోతే మత్తిచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, దానికి భయపడతారు. బార్లీ నీళ్ళు, వడగట్టిన పప్పుకట్టు, కొబ్బరినీళ్ళు. మా అమ్మ ఫోన్‌లో "నోట్లోంచి కత్తి పంపడమేమిటే, వినడానికే భయమేస్తోంది" అంటే నేనే ధైర్యం చెప్పాను. సంతకం పెట్టించుకున్న కాగితంలో రక్తస్రావం, పొరకి చిల్లు, ఛాతీలో చీము, గాలి లీకు అన్నీ ఉన్నాయి. అంతా చదివాను. చదవకుండా సంతకం పెట్టిన మా ఆయన, నేను చదివి వినిపించాక కుర్చీలో కూలబడ్డారు.

లోపల ఏం చేశారో నాకు తెలియదు, జనరల్ ఎనస్థీషియా. తర్వాత డాక్టరు గారు వీడియోలో కొన్ని ముక్కలు చూపించారు, చూస్తానని పట్టుబట్టాను. అన్నవాహిక గోడలో లోపల పొర, దాని వెనక వదులుగా ఉండే మెత్తటి భాగం, దాని వెనక కండరం. ముందు ఆ మెత్తటి భాగంలోకి నీలం రంగు కలిపిన సెలైన్ ఎక్కించి పొరని ఉబ్బిస్తారు. ఉబ్బిన చోట రెండు సెంటీమీటర్లంత గాటు పెట్టి, ఎండోస్కోపుని ఆ గాట్లోంచి పొరకీ కండరానికీ మధ్యకి దూరుస్తారు. అక్కణ్ణుంచి సొరంగం తవ్వుకుంటూ కడుపు దాకా వెళ్తారు. తెర మీద అంతా నీలంగా, పలచటి సాలెగూడు పోగుల్లాంటివి తెగుతూ కనిపించాయి. సొరంగం పూర్తయ్యాక కండరం వంతు. అడ్డంగా చుట్టిన తెల్లటి పోగులు. కరెంటు కత్తి మొన తగలగానే ఒక్కో పోగూ తెగి, బిగించి కట్టిన తాడు వదిలేసినట్టు రెండు పక్కలకీ పోయింది. నేను వీడియో ఆపించి మళ్ళీ వేయించుకున్న చోటు అదొక్కటే. వాల్వు దాటి కడుపులోకి రెండు సెంటీమీటర్లకి పైగా కోశారు. చివరికి పైన పెట్టిన గాటుని క్లిప్పులతో మూసేశారు. ఆ క్లిప్పులు వాటంతటవే ఊడి మలంలో పోతాయి. సొరంగం నోరు ఒకచోట, కండరం కోత దానికి కాస్త కిందనుంచి మొదలు. అందుకే మింగినది ఛాతీలోకి కారిపోదు. ఆ తెలివికి దణ్ణం పెట్టాలి.

మెలకువ వచ్చాక గొంతు పచ్చిపుండులా ఉంది. ఛాతీలో నొప్పి ఉంది కానీ పాత నొప్పి కాదు, అది వేరే రకం. మెడ కొంచెం వాచినట్టు అనిపిస్తే నర్సమ్మ నా వేలు పట్టుకుని మెడ పక్కన నొక్కించింది. చర్మం కింద చిటపటమంది. లోపల పని చేసేటప్పుడు పంపిన కార్బన్ డయాక్సైడ్ కొంచెం చర్మం కిందికి చేరిందట. మామూలు గాలి కంటే అది త్వరగా ఇంకిపోతుంది కాబట్టే దాన్ని వాడతారట. మర్నాటికి సగం పోయింది, తర్వాత దాని ఊసే లేదు. మొదట తెలిసుండకపోతే మాత్రం గుండె ఆగినంత పనయ్యేది. ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళు దీని గురించి ముందే అడిగి ఉంచుకోండి.

మర్నాడు ఎక్స్‌రే గదిలో నిలబెట్టి, కాంట్రాస్టు మందు తాగించి లీకు లేదని చూశారు. ఆ మందు రుచి పరమ చేదు. కానీ అది ఆగకుండా దిగిపోయింది. ఛాతీ మధ్యలో ఎక్కడా నిలబడలేదు. భుజాలు వెనక్కి విరవడానికి అలవాటుగా సిద్ధపడ్డాను, అవసరం రాలేదు. "అయిపోయింది మేడమ్, వెళ్ళొచ్చు" అని టెక్నీషియన్ అంటే, "ఇంకో గుక్క తాగి చూడనా?" అన్నాను. ఆ చేదు మందు ఎవరూ ఇంకోసారి అడిగి ఉండరు.

ఆ తర్వాత నీళ్ళు, మజ్జిగ, జావ. కొన్నాళ్ళు అన్నీ మెత్తగా. మా చెల్లెలు ఇడ్లీని పాలల్లో మెదిపి పెట్టింది, నాకు ఆ జత నచ్చదు, మాట్లాడకుండా తిన్నాను. మాత్రలు పొడి చేసి వేసుకోమన్నారు. బరువులెత్తద్దన్నారు. నీళ్ళ బిందె ముట్టుకోనివ్వకుండా మా ఆయన కాపలా కాశారు.

ఇన్సూరెన్స్ వాళ్ళతో ఒక ప్రహసనం నడిచింది. మా ఆయన ఆఫీసు పాలసీ. "ఎండోస్కోపీకి ఇంత బిల్లేంటి? పొట్ట మీద కోత లేదు కదా, సర్జరీ ఎలా అవుతుంది?" అని ఒకాయన. మా ఆడపడుచు ప్రశ్నే, కాస్త ఇంగ్లీషు కలిపి. డాక్టరు గారు ఆపరేషన్ నోట్సు, మానోమెట్రీ రిపోర్టు, వీడియోలో స్టిల్సు జతచేసి పంపితే కొంత కోసి మిగతాది ఇచ్చారు. చేయించుకునేవాళ్ళు ముందుగా అనుమతి తీసుకునేటప్పుడే మానోమెట్రీ రిపోర్టు జతచేయించండి. ఎండోస్కోపీ రిపోర్టు ఒక్కటే పెడితే అందులో "నార్మల్" అని ఉంటుంది, వాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు సంగతి. అన్నం దిగుతోంది. పెసరట్టు, చపాతీ, ముద్దపప్పు ఆవకాయ, అన్నీ. తినేటప్పుడు నీళ్ళు పక్కన ఉంచుకుంటాను, పెద్ద ముద్దలు పెట్టుకోను. తగ్గిన బరువు తిరిగొచ్చింది, కాస్త ఎక్కువే వచ్చింది. స్కోరు 9 నుంచి 2కి దిగింది. ఆ 2లో ఒకటి నొప్పిది. ఎప్పుడైనా, ముఖ్యంగా నిద్ర తక్కువైన రోజుల్లో, పాత చోటే కాసేపు పట్టేస్తుంది. వెచ్చటి నీళ్ళు తాగితే పోతుంది. కోత మొదలైన చోటికి పైన మిగిలిన కండరం కూడా బిగుసుకునే అవకాశం ఉందని, అది ఇబ్బంది పెట్టేంత అయితే మళ్ళీ గ్రాఫు తీద్దామని చెప్పారు. ఇప్పటికి అంత లేదు.

ఆసిడ్ సంగతి డాక్టరు చెప్పినట్టే అయింది. కొన్ని నెలలకి చేసిన ఎండోస్కోపీలో కింద పొర మీద ఆసిడ్ వల్ల పడ్డ పుండు గీతలు కనబడ్డాయి, రిపోర్టులో వాటిని గ్రేడ్ బి అని రాశారు. విచిత్రమేమిటంటే నాకు గుండెల్లో మంట పెద్దగా తెలియనే లేదు. అందుకే మంట లేదు కదా అని ఎండోస్కోపీ మానెయ్యద్దని గట్టిగా చెప్పారు. పరగడుపున ఆసిడ్ తగ్గించే మాత్ర తప్పదు. రాత్రి భోజనం ఏడున్నరకల్లా ముగించి, పడుకోవడం పదిన్నరకి. మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టించాం. మొదట్లో నిద్రలో కిందికి జారిపోయేదాన్ని, ఇప్పుడు అలవాటైంది. పచ్చిమిరపకాయ బజ్జీ వాసన వస్తే మాత్రం తల తిప్పుకుని నడుస్తాను.

నన్ను ఎవరైనా "మళ్ళీ అయితే చేయించుకుంటావా" అంటే చేయించుకుంటాననే చెప్తాను, నా గ్రాఫు నా దగ్గరుంది కాబట్టి. మా స్కూల్లో ఒక మాస్టారికి ఛాతీలో పట్టేస్తోందట, నా కథ విని "నేనూ ఆ పోయెమ్ చేయించేసుకుంటానండీ" అన్నారు. ముందు గుండె చూపించుకోమన్నాను, తర్వాత బేరియం, ఆ తర్వాత మానోమెట్రీ. వాల్వు అంకె ఎంతొచ్చిందో నాకు ఫోన్ చెయ్యమన్నాను. ఆయనకి గుండె రక్తనాళంలో బ్లాకు ఉందని తేలింది, స్టెంట్ వేశారు.

వచ్చే వేసవిలో నాకు మళ్ళీ ఎండోస్కోపీ ఉంది. గ్రేడ్ బి తగ్గకపోతే మాత్ర డోసు పెంచడమా, వాల్వు దగ్గర చుట్టు వేయించుకోవడమా అన్నది అప్పుడు మాట్లాడదామన్నారు. రోజ్‌మిల్క్ తాగుతున్నాను, ఐసు వెయ్యకుండా.